మూడో వంతు లెక్క: పాత ఇంగ్లండ్ వీలునామాల షీటు, ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

పని ఇది. 1540 నుంచి 1740 దాకా ఇంగ్లండ్‌లో ఒక ఇంటి యజమాని చనిపోతే అతని భార్యకి ఏం దక్కేదో లెక్కకట్టే షీటు ఒకటి తయారు చేయాలి. ఏ ఏడాది పోయాడు, ఏ ఊరు, భూమి ఏ రకం, వీలునామా రాశాడా, పెళ్లికి ముందు కాగితం ఏదైనా కుదిరిందా. ఈ ఐదు గడులు నింపితే ఆరో గడిలో జవాబు రావాలి. నా ఉద్యోగం అకౌంట్స్ కాబట్టి ఫార్ములాలంటే భయం లేదు. చరిత్ర మాత్రం సరదా కొద్దీ చదువుకున్నదే.

1540తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అంతకు ముందు భూమిని వీలునామాలో రాసిస్తానంటే అక్కడి కామన్ లా (ఆచారాలు, కోర్టు తీర్పుల మీద పెరిగిన చట్టం) ఒప్పుకునేది కాదు. పెద్దకొడుక్కి పోవాల్సిందే. అందుకని జనం భూమిని నమ్మకస్తుల పేర పెట్టి, "నేను పోయాక ఫలానా వాళ్లకి ఇవ్వండి" అని చెప్పుకునేవారు. ఎనిమిదో హెన్రీకి దీనివల్ల రాబడి పోయేది. 1536లో చట్టం తెచ్చి ఆ దారి మూసేశాడు. భూస్వాములు గగ్గోలు పెట్టడంతో 1540లో కొంత వెనక్కి తగ్గి, మామూలు పట్టా భూమి మొత్తాన్ని, రాజుకి సైనిక సేవ బాకీ ఉన్న భూమిలో మూడింట రెండు వంతులని వీలునామాలో రాసుకోవచ్చన్నాడు. ఇక 1740 దగ్గర ఆపడానికి కారణం వేరు. చనిపోయినవాళ్ల ఇంటి సామాన్ల జాబితాలు ఆ కాలానికి బాగా పల్చబడిపోతాయి, నాకు వాటితో చాలా పని ఉంది.

షీటుని పరీక్షించడానికి ఒక నమూనా ఇల్లు కల్పించుకున్నాను. ఒక రైతు, భార్య, కొడుకు, కూతురు. ముప్పై ఎకరాలు ఫ్రీహోల్డ్, అంటే సొంత పట్టా. ఇరవై ఎకరాలు కాపీహోల్డ్, అంటే మేనర్ అనే ఎస్టేటు దొర కచేరీ రికార్డులో పేరెక్కి సాగు చేసుకునేది. అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోను చరాస్తి 90 పౌండ్లు. ప్రతి నియమాన్నీ ఈ ఇంటి మీదే ఆడించి చూస్తాను.

జూన్, మూడో వారం

ముందు డబ్బు సంగతి తేల్చాలి. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. షీటులో అన్నీ పెన్నీల్లోకి మార్చి దాచుకుని, చూపించేటప్పుడు మళ్లీ విడగొట్టేలా పెట్టాను. 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు అనే మొత్తం పాత వీలునామాల్లో పదేపదే కనిపిస్తుంది. వింత అంకెలా ఉంటుంది గానీ, మార్క్ అనే పాత లెక్క ప్రకారం అది సరిగ్గా పది మార్కులు. షేక్‌స్పియర్ మామగారు రిచర్డ్ హాథవే 1581లో తన కూతురి పెళ్లి కోసం వీలునామాలో రాసిపెట్టింది కూడా ఇంతే.

తేదీలకి రెండు కాలమ్‌లు కావాల్సి వచ్చాయి. 1752 దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1599 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1600. చట్టం మారిన ఏడాదికి అటో ఇటో చనిపోయినవాడి విషయంలో ఈ తేడాతో జవాబే మారిపోతుంది.

అంకెలు రోమన్‌లో ఉంటాయి, చివరి ఐ కి తోక పెట్టి జె లాగా రాస్తారు. నాలుగు తర్వాత పైన చిన్నగా ఇరవై వేస్తే ఎనభై అన్నమాట. చేతిరాతకి అలవాటు పడటానికి టైమ్ పట్టింది. దాని గురించి ఎక్కువ చెప్పను, చదివే కొద్దీ వస్తుంది.

జులై, మొదటి వారం

భూమి ఫార్ములా. కామన్ లా ప్రకారం భార్యకి డవర్ అనే హక్కు ఉంది: కాపురం సాగిన కాలంలో ఎప్పుడైనా సరే భర్త చేతిలో ఉన్న ఫ్రీహోల్డ్‌లో మూడో వంతు, ఆమె బతికున్నంత కాలం. అనుభవించడమే, దాన విక్రయ హక్కులు లేవు. మళ్లీ పెళ్లి చేసుకున్నా పోదు. భర్త వీలునామాలో ఏం రాసినా పోదు. భర్త ఆ భూమిని ఎవరికో అమ్మేసినా, అతను పోయాక ఆమె వెళ్లి కొన్నవాడిని మూడో వంతు అడగవచ్చు. అందుకే జాగ్రత్తపరులు కొనేటప్పుడు భార్యని కూడా కోర్టుకి రప్పించేవారు. భర్త పక్కన లేకుండా జడ్జి ఆమెని విడిగా అడిగి, ఇష్టంతోనే ఒప్పుకుంటోందని రాసుకున్నాక గానీ ఆ కొనుగోలుకి భరోసా ఉండేది కాదు.

నమూనా ఇంటికి జవాబు: పది ఎకరాలు, జీవితకాలం. భర్త పోయిన తర్వాత నలభై రోజులు అదే ఇంట్లో ఉండే హక్కు మాగ్నా కార్టా (రాజు ఒప్పుకున్న పాత హక్కుల పత్రం) నాటినుంచీ ఉంది. ఆ నలభై రోజుల్లో వారసుడు ఆమె వాటా కొలిచి ఇవ్వాలి. ఇవ్వకపోతే కేసు వేసుకోవడమే. వారసుడంటే చాలాసార్లు కన్నకొడుకే, లేదా సవతి కొడుకు.

ఒక చిన్న షరతు చూసి కాసేపు షీటు మూసేశాను. డవర్ రావాలంటే భర్త చనిపోయేనాటికి భార్యకి తొమ్మిదేళ్లు నిండి ఉండాలట. పెద్దింటి పెళ్లిళ్లు ఏ వయసులో జరిగేవో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. వయసుకి కూడా ఒక గడి పెట్టాను.

కెంట్‌కి వేరే వరస రాయాలి. అక్కడ గావెల్‌కైండ్ ఆచారం: భూమి కొడుకులందరికీ సమానంగా పోతుంది, భార్యకి మూడో వంతు బదులు సగం. వినడానికి మేలుగానే ఉంది. కానీ ఆ సగం మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకే, నడవడి మీద మాట రానంత వరకే. మన నమూనా ఇల్లు కెంట్‌లో ఉంటే పదిహేను ఎకరాలు, షరతులతో. ఎక్కువ భూమి ఒక గడిలో, షరతు ఇంకో గడిలో పెట్టాను. రెండూ కలిపి ఒకే అంకెగా చూపించే మార్గం దొరకలేదు, అలా చూపించకూడదు కూడా.

జులై, నాలుగో వారం

కాపీహోల్డ్ నన్ను బాగా తిప్పలు పెట్టింది. దీనికి దేశమంతటికీ ఒక నియమం లేదు. ఏ మేనర్ ఆచారం దానిదే. భర్త పోయాక భార్య ఉంచుకునే వాటాని ఫ్రీబెంచ్ అంటారు. ఒక మేనర్‌లో మూడో వంతు, ఇంకో చోట సగం, కొన్నింట్లో మొత్తం. చాలాచోట్ల మళ్లీ పెళ్లి చేసుకుంటే పోతుంది. పైగా డవర్‌కి ఉన్న బలం దీనికి లేదు. భర్త చనిపోయేనాటికి అతని చేతిలో ఉన్నదాని మీదే హక్కు. బతికుండగా అమ్మేస్తే భార్య చేయగలిగింది ఏమీ లేదు.

బెర్క్‌షైర్‌లోని ఎన్‌బోర్న్ మేనర్ గురించి 18వ శతాబ్దం మొదట్లోనే అచ్చులోకి వచ్చిన ఒక ముచ్చట ఉంది. తప్పు నడిచిందని ఫ్రీబెంచ్ పోగొట్టుకున్న ఆడమనిషి నల్ల పొట్టేలు మీద వెనక్కి తిరిగి కూర్చుని కచేరీలోకి వచ్చి, తనని తాను ఎగతాళి చేసుకునే పద్యం ఒకటి చదివితే భూమి తిరిగి ఇచ్చేవారట. చదివినవాళ్లు నవ్వుకోవడానికే అచ్చు వేశారు. నాకైతే ఆ పొట్టేలు కంటే, భూమి కోసం ఎక్కక తప్పని ఆ మనిషి గుర్తుండిపోయింది.

ఇంగ్లండ్‌లోని మేనర్‌లన్నిటి ఆచారాలూ ఎక్కించడం నా వల్ల అయ్యే పని కాదు. వాడేవాళ్లే ఆ మేనర్ వాటా నింపుకునేలా ఖాళీ గడి వదిలాను. నింపకపోతే ఎర్రరంగులో "ఆచారం తెలియాలి" అని వస్తుంది.

ఆగస్టు, రెండో వారం

చరాస్తి. ఇక్కడే మొత్తం ప్రాజెక్టు మలుపు తిరిగింది.

పెళ్లితోనే భార్య తెచ్చిన నగలు, డబ్బు, పశువులు భర్తవి అయిపోతాయి. వాటిని ఆమె వీలునామాలో రాయాలన్నా భర్త అనుమతి ఉండాలి. సరే, భర్త పోయాక? ఉత్తరాన యార్క్ చర్చి ప్రాంతంలో, వేల్స్‌లో, లండన్ నగర పౌరుల్లో పాత ఆచారం ఒకటి బతికుంది: చరాస్తిలో ఒక వంతు భార్యకి, ఒక వంతు పిల్లలకి, మిగిలిన వంతు మాత్రమే చనిపోయినవాడు తన ఇష్టప్రకారం వీలునామాలో రాసుకోవచ్చు. భార్య మీద ఎంత కోపం ఉన్నా ఆమె వంతు ముట్టుకోలేడు. నమూనా ఇల్లు యార్క్‌షైర్‌లో ఉండి, రైతు 1600లో పోయి, వీలునామాలో భార్య పేరే ఎత్తకపోయినా ఆమెకి 30 పౌండ్లు వస్తాయి. అదే ఇంటిని దక్షిణాన వార్విక్‌షైర్‌కి జరిపితే సున్నా. అక్కడ చరాస్తి మొత్తం భర్త ఇష్టం.

తర్వాత సంవత్సరం గడిలో 1693 వేశాను. యార్క్‌షైర్ జవాబు కూడా సున్నా అయిపోయింది. 1692లో పార్లమెంటు చట్టం చేసి, ఉత్తరాన ఉన్నవాళ్లకి కూడా చరాస్తి మొత్తాన్ని ఇష్టం వచ్చినట్టు రాసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. వేల్స్‌కి 1696లో, లండన్‌కి 1724లో అదే స్వేచ్ఛ వచ్చింది. స్వేచ్ఛ అని చట్టం అంటోంది సరే, ఎవరి స్వేచ్ఛ అనేది గడిలోని సున్నా చెబుతోంది. అప్పటిదాకా నేను అనుకున్నది కాలం గడిచే కొద్దీ ఆడవాళ్ల పరిస్థితి మెల్లగా మెరుగుపడి ఉంటుందని. ఈ గడుల్లో మాత్రం అంకె తగ్గుతోంది.

వీలునామా లేకుండా పోతే సంగతి వేరు. 1670 చట్టం ప్రకారం చరాస్తిలో భార్యకి మూడో వంతు, పిల్లలకి మూడింట రెండు వంతులు, పిల్లలు లేకపోతే భార్యకి సగం. నమూనా ఇంట్లో భార్యకి 30, పిల్లలకి చెరో 30. ఈ అంకెలు మన దేశంలో చట్టం చదివినవాళ్లకి తెలిసినవే. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో, వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుడి భార్యకి పిల్లలుంటే మూడో వంతు, పిల్లలు లేక బంధువులుంటే సగం. రెండో చార్లెస్ కాలపు వాటాలు గుంటూరు, నెల్లూరు కుటుంబాల పంపకాల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. మా ఆఫీసులో ఒక సహోద్యోగికి షీటు చూపిస్తే, "ఇదేంటండీ, మా నాన్నగారు పోయినప్పుడు అమ్మకి వచ్చిన వాటా ఇంతే కదా" అన్నాడు. ఒక్క తేడా: మన చట్టంలో భూమి, డబ్బు అన్నిటికీ ఇదే లెక్క. 1670 చట్టం చరాస్తికి మాత్రమే. భూమి పెద్దకొడుక్కే, కొడుకులు లేకపోతే కూతుళ్లందరికీ కలిపి.

లండన్‌లో పాత ఆచారం, కొత్త చట్టం ఒకదానిమీద ఒకటి పడతాయి. వీలునామా లేని లండన్ పౌరుడి చరాస్తిని పద్దెనిమిది భాగాలు చేస్తారు. భార్యకి ఆచారం కింద ఆరు, చనిపోయినవాడి వంతు మీద చట్టం కింద ఇంకో రెండు, మొత్తం ఎనిమిది. ఇద్దరు పిల్లలకి చెరో ఐదు. 90 పౌండ్ల మీద ఆమెకి 40, వాళ్లకి 25 చొప్పున. ఇవన్నీ పంచకముందే తన బట్టలు, పడకగది సామాను ఆమె తీసేసుకోవచ్చు. ఈ ఫార్ములా మొదటిసారి సరిగ్గా కుదిరినప్పుడు టీ తాగి పండగ చేసుకున్నాను.

ఇంకో చిక్కు. భూమిని ఏళ్ల లెక్కన లీజుకి తీసుకుంటే అది స్థిరాస్తి కింద రాదు, చరాస్తి. తొంభై తొమ్మిదేళ్ల లీజు కూడా మంచాలు, ఇత్తడి కుండల పక్కనే సామాన్ల జాబితాలో ఉంటుంది. కాబట్టి దానిమీద డవర్ లేదు. లీజు భూమిని చరాస్తి కాలమ్‌లోకి మార్చాను.

ఆగస్టు, చివరి వారం

నిజమైన వీలునామా పెట్టి చూడాలని షేక్‌స్పియర్‌ది ఎంచుకున్నాను. దాని అసలు ప్రతి క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. మూడు కాగితాలు, మూడింటి మీదా సంతకం. 1616 మార్చి 25 తేదీ, ఏప్రిల్ 23న ఆయన పోయాడు, జూన్ 22న పెద్దల్లుడు జాన్ హాల్ లండన్‌లో ప్రొబేట్ (వీలునామా చెల్లుతుందన్న అధికారిక ధ్రువీకరణ) తీసుకున్నాడు. భార్య ఆన్ గురించి ఉన్నది ఒక్కటే పంక్తి, అదీ మూడో కాగితం మీద వరసల మధ్య ఇరికించి రాసింది: ఇంట్లో రెండో మంచి మంచం, దాని పరుపూ దుప్పట్లతో సహా.

రెండో కూతురు జూడిత్‌కి డబ్బు విడతలవారీగా, షరతుల మీద. చెల్లెలు జోన్‌కి 20 పౌండ్లు, తన బట్టలు, ఏడాదికి 12 పెన్నీల అద్దె మీద జీవితాంతం ఉండటానికి ఇల్లు. భూములు, ఇళ్లు దాదాపు అన్నీ పెద్దకూతురు సుసానాకి, ఆమె తర్వాత ఆమెకి పుట్టబోయే మొదటి కొడుక్కి, అతను లేకపోతే రెండోవాడికి, ఇలా ఏడో కొడుకు దాకా వరస పెట్టి రాశాడు. ఆస్తి ముక్కలవకుండా ఒకే చేతిలో ఉండాలన్న పట్టుదల ఆ ఏడు మెట్ల పంక్తిలో కనిపిస్తుంది.

షీటులో వేస్తే ఆన్‌కి వీలునామా కాలమ్‌లో ఒక మంచం, పక్కన డవర్ కాలమ్‌లో స్ట్రాట్‌ఫర్డ్ ఫ్రీహోల్డ్ మీద మూడో వంతు వచ్చాయి. వీలునామాలో లేనంత మాత్రాన భార్యకి లేనట్టు కాదు. డవర్ రాయకపోయినా వచ్చేదే కాబట్టి చాలామంది రాసేవారు కాదు. కానీ లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ ఇల్లు సంగతి వేరు. 1613లో 140 పౌండ్లకి దాన్ని కొన్నప్పుడు తనతోపాటు ముగ్గురు నమ్మకస్తుల పేర్లు కలిపి రాయించాడు. అలా ఉమ్మడిగా కొన్నదాని మీద భార్యకి డవర్ పుట్టదు. ఉద్దేశం ఏమిటో మనకి చెప్పలేదు గానీ ఫలితం అదే. ఇక మంచం విషయంలో నవ్వులాట నాకు అంతగా రుచించదు. ఆ కాలపు ఇంటి జాబితాల్లో ఈకల పరుపున్న మంచం సామాన్లన్నిటిలో ఖరీదైన వాటిలో ఒకటి. నాకు తేడాగా అనిపించింది ఇంకొకటి: ఎగ్జిక్యూటర్లుగా, అంటే వీలునామా అమలు చేసేవాళ్లుగా, కూతుర్ని, అల్లుడిని పెట్టడం.

ఎందుకంటే మామూలు రైతుల వీలునామాలు చదువుతుంటే ఎగ్జిక్యూటర్‌గా ఎక్కువగా భార్యే కనిపిస్తుంది. "పైన చెప్పినవి పోను మిగిలిన సొత్తంతా నా భార్యకి, ఆమెనే ఎగ్జిక్యూటర్‌గా నియమిస్తున్నాను" అని ముగుస్తాయి. చట్టం లెక్కలో సున్నా వచ్చిన దక్షిణాది ఇళ్లలో చాలామంది భర్తలు ఈ ఒక్క వాక్యంతో మూడో వంతుకి మించి ఇచ్చారు. కాబట్టి షీటులో "మిగులు ఎవరికి" అని కొత్త గడి. దీనికి జోడుగా అప్పుల గడి కూడా, ఎందుకంటే మిగులు తీసుకునేవాళ్లే ముందు బాకీలు తీర్చాలి.

కొడుకుల మీద అనుమానమున్న తండ్రులు ఇంకా వివరంగా రాశారు. తల్లికి ఫలానా గది, ఏడాదికి ఇన్ని బుషెల్స్ గోధుమలు, ఇన్ని మాల్టు, కట్టెలు, ఒక ఆవుకి మేత, హాల్లో నిప్పు దగ్గరికి వచ్చిపోయే దారి. నిప్పు దగ్గరికి దారి అని కాగితం మీద రాయాల్సి వచ్చిందంటే అత్తాకోడళ్ల పోరు వాళ్లకీ తెలిసినట్టే. ఇవన్నీ అంకెల్లో పెట్టలేక వివరణ గడిలో అలాగే దింపుకున్నాను.

సెప్టెంబర్, రెండో వారం

పెళ్లికి ముందు కాగితం. దాని పేరు జాయించర్. 1536 చట్టంలోనే ఒక నియమం ఉంది: పెళ్లికి ముందే భార్యకి ఫలానా భూమి గానీ, దానిమీద ఏటా ఫలానా మొత్తం గానీ రాసిపెడితే ఆమెకి ఇక డవర్ ఉండదు. పెళ్లి తర్వాత రాస్తే మాత్రం, భర్త పోయాక రెండింటిలో ఏది కావాలో ఆమె ఎంచుకోవచ్చు. అందుకే లాయర్లు పెళ్లికి ముందే సంతకాలు పెట్టించేవారు.

జాయించర్ ఎంత అనేది అమ్మాయి తండ్రి ఇచ్చే కట్నం మీద బేరం. 1600 ప్రాంతంలో ఐదారు పౌండ్ల కట్నానికి ఏడాదికి ఒక పౌండు చొప్పున కుదిరేది. ఆ శతాబ్దం చివరికి పది పౌండ్లకి ఒకటి మామూలైపోయింది. ఒక లెక్క వేసి చూశాను. ఏడాదికి 900 పౌండ్ల రాబడి ఉన్న భూస్వామి, 1,500 పౌండ్ల కట్నం. డవర్ అయితే ఏడాదికి 300. పదికి ఒకటి చొప్పున జాయించర్ అయితే 150. అదే కట్నం, అదే భూమి, సగానికి సగం.

జాయించర్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. డవర్ కోసం వారసుడితో కోర్టులో కొట్లాడాలి. బెస్ ఆఫ్ హార్డ్‌విక్ మొదటి భర్త 1544లో పోతే, ఆమె డవర్ కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. జాయించర్ ఉంటే ఏ పొలం, ఎంత అద్దె అన్నది ముందే రాసి ఉంటుంది. తర్వాతి పెళ్లిళ్లలో బెస్ ఆ పాఠం బాగా వాడుకుంది. నాలుగు పెళ్లిళ్ల తర్వాత, 1590లలో హార్డ్‌విక్ హాల్ కట్టించే నాటికి ఆమె దేశంలోని అత్యంత ధనికుల్లో ఒకతె. కానీ బేరం చేసే తెలివి, అండ ఉన్న మనిషికే జాయించర్ లాభం. డవర్‌కి అవేవీ అక్కర్లేదు, భార్య అయితే చాలు.

17వ శతాబ్దం మధ్యలో ఓర్లాండో బ్రిడ్జ్‌మన్ లాంటి లాయర్లు దీన్నంతా ఒకే దస్తావేజులో బిగించారు. తండ్రికి జీవితకాలం అనుభవం, పెద్దకొడుక్కి ఆ తర్వాత వారసత్వం, భార్యకి జాయించర్, మిగిలిన పిల్లలకి ఇంత అని నగదు. కొడుక్కి పెళ్లీడు రాగానే మళ్లీ కొత్తగా రాస్తారు. భూమి తరతరాలుగా ముక్క కాకుండా నిలుస్తుంది. దీన్ని షీటులో పెట్టడం తేలికైంది, ఎందుకంటే దస్తావేజులో ఏం రాశారో అదే జవాబు. ఫార్ములా అక్కర్లేదు. చట్టం నుంచి కాగితానికి మారడమంటే ఇదేనన్నమాట.

సెప్టెంబర్, చివరి వారం

పూర్తయిన కాలమ్‌లన్నీ ఒకసారి తిరగేసి చూశాను. చనిపోయింది భర్త అయితే ఇన్ని గడులు, ఇన్ని షరతులు. చనిపోయింది భార్య అయితే ఏమవుతుందని ఒక స్విచ్ పెట్టాను. భర్తకి కర్టసీ అనే హక్కు: భార్య పేర ఉన్న భూమి మొత్తం, మూడో వంతు కాదు, అతను బతికున్నంత కాలం. షరతు ఒక్కటే, ఆ దంపతులకి బిడ్డ ప్రాణంతో పుట్టి ఉండాలి. తర్వాత ఆ బిడ్డ బతక్కపోయినా ఫర్వాలేదు. చరాస్తి ఎలాగూ పెళ్లినాడే అతనిది. భార్య తరఫున నమ్మకస్తుల పేర ఉన్న భూమి మీద కూడా చాన్సరీ కోర్టు (నమ్మకస్తుల వ్యవహారాలు చూసే వేరే కోర్టు) భర్తకి కర్టసీ ఇచ్చేది. అదే కోర్టు, నమ్మకస్తుల పేర ఉన్న భర్త భూమి మీద భార్యకి డవర్ ఇచ్చేది కాదు. ఈ రెండు వరసలూ షీటులో పక్కపక్కనే ఉంచాను, కలర్ కూడా వేయలేదు.

మిగిలిన పని: లండన్ పౌరుల పిల్లల వాటాలు. తండ్రి పోతే వాళ్ల డబ్బు నగరపాలన దగ్గర జమ చేసేవారు. 1680లలో నగరం ఆ డబ్బు తిరిగి ఇవ్వలేక చేతులెత్తేసింది, 1694లో పార్లమెంటు చట్టం చేసి సర్దుబాటు చేసింది. అంటే 1680 తర్వాత లండన్ పిల్లల గడిలో వచ్చే 25 పౌండ్లు కాగితం మీద 25. దానికి వేరే కాలమ్ అక్టోబర్‌లో మొదలుపెడతాను.